చూసింది ముందు, విన్నది తరువాత

పోయిన వారం షెహెమ్‌ను యుద్ధనౌక నిచ్చెన మీద వదిలేశాం, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాలిలో. పాపం, ఆ రెండో కాలు ఎక్కడ మోపాలో అతనికి ఇంకా తెలియడం లేదు. ఓడ అడుగున, మందుల వాసన కొట్టే ఇరుకు గదిలో, తొడకు కట్టుతో, మంచం ఊచకు కట్టేసిన చేతితో పడుకున్న ‘సముద్రపు దొంగ’ను అతను చూశాడు. దొంగ కూడా అతన్ని చూశాడు. చూసి, ఎన్నడూ ఎరగనట్టు మొహం గోడకేసి తిప్పుకున్నాడు. ఆ దొంగ పేరు యాయో. షెహెమ్ భార్య మోమినాకు సొంత తమ్ముడు. గాలికి పడవ తిరగబడి పోయాడని ఒబోక్ ఊరంతా ఎవరి కోసం ఏడుస్తోందో ఆ కుర్రవాడే.

ఆ నౌక కొత్త దొరలది. వెనకటి రోజుల్లో ఇక్కడ రేవు కట్టి, జెండా పాతి, తమ చచ్చినవాళ్లను ఇక్కడే పూడ్చి వెళ్లిపోయినవాళ్లను ఒబోక్ జనం పాత దొరలంటారు. ఇప్పుడు రేవు కట్టడానికి వచ్చినవాళ్లు కొత్త దొరలు. వాళ్ల సరుకు ఓడలు ఈ సముద్రం గుండానే పోవాలి. వాటిని దొంగల బారి నుంచి కాపాడటానికి వాళ్ల యుద్ధనౌకలు ముందూ వెనకా కాపలా కాస్తాయి. షెహెమ్ వాళ్ల ఖర్చుతో వాళ్ల దేశంలో చదువుకుని వచ్చి, వాళ్లకూ ఊరికీ మధ్య దుబాసీగా ఉంటున్నాడు.

కమాండర్ షెన్ అతనికి చెప్పింది క్లుప్తంగానే చెప్పాడు. రేపు కొత్త రేవుకు శంకుస్థాపన. పెద్దలొస్తారు, కెమెరాలొస్తాయి. ఆ సభలో షెహెమ్ లేచి, మా నౌక దొంగల పడవను ముంచింది, ఒక దొంగను పట్టింది, మీ సముద్రం ఇక క్షేమం అని ఇక్కడి జనం మాట్లాడే అఫార్ భాషలో ప్రకటించాలి. సభ ముగిశాక నౌక ఆ ఖైదీని అవతలి తీరానికి తీసుకుపోయి అక్కడి కోర్టుకు అప్పగిస్తుంది. అందాకా సంగతి మూడో కంటికి తెలియకూడదు. షెహెమ్ తలూపాడు. వాడు నా బావమరిది అని మాత్రం చెప్పలేదు. యాయో తన పేరు తప్ప తండ్రి పేరు కూడా చెప్పకుండా పళ్లు బిగించుకుని ఉంటే, తను నోరు జారి కుటుంబాన్నంతా దొంగల జాబితాలోకి ఎక్కించడం ఎందుకనుకున్నాడు. నిజం చెప్పాలంటే భయపడ్డాడు.

దిగేముందు షెన్ అతని చేతిలో బొమ్మలేసిన తేయాకు డబ్బా ఒకటి పెట్టాడు. “ఊళ్లో ఎవరో జాలరి గాలికి పోయాడట కదా. వాళ్లింట్లో ఇవ్వండి. మా అందరి సంతాపం అని చెప్పండి,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో నటన లేదు. షెహెమ్‌ను అదే ఎక్కువ బాధపెట్టింది.

ఇప్పుడు ఆ డబ్బా చంకన పెట్టుకుని షెహెమ్ రేవు దిగి నడుస్తున్నాడు. సాయంత్రపు అసర్ నమాజు వేళ దాటినా ఎండ తగ్గలేదు. ఎడారి మీది నుంచి వచ్చే గాలి ఇసుకను మొహాన కొడుతోంది. సంత దారిన పోతే చాయ్ అంగళ్ల ముందు కూర్చున్నవాళ్లు తప్పకుండా ఆపుతారు. అందుకని ఊరి వెనక నుంచి, పాత దొరల సమాధుల పక్కగా పోయే దారి పట్టాడు. ఈ వేళప్పుడు ఆ దారిన మేకలు కూడా రావు.

మేకలు రాలేదు గాని, సమాధుల గోడ నీడలో చాప పరుచుకుని అతని మామ దీనీ కూర్చుని ఉన్నాడు.

దీనీ షెహెమ్‌కు మేనత్త భర్త. అఫార్లలో మేనత్త కూతురి మీద మేనల్లుడికే మొదటి హక్కు. ఆ లెక్కన మోమినా పుట్టినప్పుడే షెహెమ్ ఈయనకు అల్లుడైపోయాడు. తెగకు పెద్ద. నలభై ఏళ్లు సముద్రం మీద బతికిన మనిషి. గడ్డం గోరింటాకుతో ఎర్రగా ఉంది. కళ్లు అంతకంటే ఎర్రగా ఉన్నాయి.

“కూర్చో అల్లుడూ.”

“ఇంటికి పోవాలి మామా. మోమినా ఒక్కతే...”

“ఒక్కతెందుకవుతుంది? ఇంటినిండా ఆడవాళ్లున్నారు. మా ఇంట ఏడ్చేవాళ్లకేం కొదవ లేదు. కూర్చో.”

షెహెమ్ చెప్పులు విడిచి చాప అంచున కూర్చున్నాడు. తేయాకు డబ్బాను వీపు వెనక ఇసుకలో పెట్టాడు. దాస్తే దాగే వస్తువు కాదది.

దీనీ గొంతు సవరించుకున్నాడు. ఒళ్లో ఉన్న చేతికర్రను పక్కన అడ్డంగా పెట్టాడు. తరువాత, కొత్తగా కలిసిన బాటసారిని అడిగినట్టు, నెమ్మదిగా అడిగాడు.

“దాగూ?”



దారిలో ఎదురైన ఇద్దరు కూర్చుని కబురు మార్చుకోకుండా దాటిపోవడం అఫార్ల ఇంటా వంటా లేదు. ఆ కబురే దాగూ. పగవాడు ఎదురైనా ముందు దాగూ అడుగుతారు, కత్తి సంగతి తరువాత చూసుకుంటారు. చూసింది ముందు చెప్పాలి, విన్నది తరువాత చెప్పాలి, రెంటినీ కలపకూడదు. ఏ బావిలో నీళ్లున్నాయో, ఏ వైపు వాన పడిందో, ఎవరింట ఎవరు పోయారో, అంతా అలా నోటి నుంచి నోటికి ఎడారి దాటిపోతుంది. అడిగినవాడికి చెప్పకపోవడం తప్పు. అబద్ధం చెప్పడం దానికన్నా పెద్ద తప్పు.

“గాలి ఉత్తరం నుంచి కొడుతోంది మామా. సముద్రం మీద దుమ్ము లేచి కనుచూపు ఆనడం లేదు,” అని మొదలుపెట్టాడు షెహెమ్.

“ఊఁ.”

“అవతల గట్టు దగ్గర వాళ్ల సరుకు ఓడలు ఆగి ఉన్నాయి. యుద్ధనౌక మన రేవులోనే లంగరేసుకుని ఉంది.”

“ఊఁ.”

“రేపటి సభకు పందిరి వేస్తున్నారు. కుర్చీలు దింపారు.”

“ఊఁ. ఓడలో తిండి పెట్టారా?”

“పెట్టారు. అన్నం, చేప.”

“ఏం చేప?”

“మన చేపే.”

“మన చేప మన నోటికే అందించారు. పోనీలే, చెయ్యి మంచిదే. ఇంకేం చూశావు?”

“అంతే మామా.”

“ఊఁ,” అన్నాడు దీనీ. ఆ ఊకొట్టడం మిగతావాటిలా లేదు.  “సరే. పుచ్చుకున్నాక ఇవ్వాలి. నా దాగూ విను.”

షెహెమ్ ఆయన వైపు తిరిగి కూర్చున్నాడు.

“పొద్దున రాస్ బిర్ దాకా నడిచి వెళ్లాను. దీపస్తంభం కింద ఇసుకలో ఒక పడవ పలక కొట్టుకొచ్చి ఉంది. పచ్చరంగు. రంగు నేనే వేశాను గనక నాకు తెలుసు. పలకలో వరసగా చిల్లులు. గాలి పడవను తిప్పుతుంది, విరుస్తుంది, మింగుతుంది. వరసపెట్టి చిల్లులు పొడవడం దానికి చేతకాదు. ఇంకాస్త అవతల గుడిసె వాసాల మోపు ఒడ్డున పడి ఉంది. వంచిన వాసాలు. కట్టు ఊడలేదు. ముడి నేను వాడికి నేర్పింది.” దీనీ వేలితో తన కన్ను చూపించాడు. “ఇది నేను చూసింది.”

ఆ వాసాలు దేనికో షెహెమ్‌కు తెలుసు. వచ్చే నెల యాయో పెళ్లి. పెళ్లికూతురి గుడిసె కోసం ఖోర్ అంగార్ నుంచి వంచిన వాసాలు తేవడానికి కుర్రవాడు ఒక్కడే పడవేసుకుని వెళ్లాడు. ఓడ పైనుంచి దుర్భిణిలో చూసినవాళ్లకు ఆ మోపు కొక్కేల నిచ్చెనలా కనిపించింది. దొంగలు ఓడలెక్కేది అలాంటి నిచ్చెనలతోనే. ఆ మాట షెన్ పొద్దున గర్వంగానే చెప్పాడు.

“ఇక విన్నది,” అన్నాడు దీనీ. “ఆ రోజు మనవాళ్ల పడవ ఇంకొకటి దూరంగా ఉందట. వాళ్లు చూశారట. యాయో తన దారిన తను వస్తూ, ఆ బూడిదరంగు ఓడను చూసి పడవ మళ్లించాడట. లేచి నిలబడి చెయ్యెత్తి ఊపుతూ దాని మీదికే పోయాడట. తరువాత దుమ్ములో కనబడలేదట. టపటపమని శబ్దం మాత్రం వినబడిందట. భయంతో ఇన్నాళ్లూ నోరు మెదపలేదు, నిన్న చెప్పారు.”

“దాని మీదికి ఎందుకు పోయాడు మామా? ఆ ఓడల దరిదాపులకు పోవద్దని ఎన్నిసార్లు...”

“ఎందుకు పోయాడా?” దీనీ తలెత్తాడు. “నువ్వే ఉన్నావు కదరా అక్కడ! రంజాను విందులో ఆ దొర వచ్చి నా చాప మీద, నా పక్కన కూర్చోలేదూ? మన మేక మాంసం చేత్తో తినలేదూ? దాగూ అంటే ఏమిటో నన్నడిగి, నీ చేత తిప్పి చెప్పించుకుని, ఏమన్నాడు? నువ్వే కదా చెప్పావు మాకు!”

షెహెమ్‌కు గుర్తుంది. పొల్లు పోకుండా గుర్తుంది. షెన్ లేచి, గుండె మీద చెయ్యి వేసుకుని, “మా ఓడలు కూడా మీ సముద్రంలో బాటసారులే. ఎదురైనప్పుడు మనమూ దాగూ చెప్పుకుందాం,” అన్నాడు. షెహెమ్ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఊరంతా కేకలేసింది. అందరికన్నా ముందు లేచి షెన్ చెయ్యి పట్టుకుని ఊపింది యాయోనే.

“ఆయన మర్యాదకన్నాడు మామా. విందులో అనే మాట అది.”

“మర్యాదకన్న మాటని నా కొడుక్కి తెలియలేదు. మన దగ్గర అలాంటి మాటలు లేవు గనక తెలియలేదు. ఎదురైనవాణ్ణి పలకరించకుండా పోతే తండ్రికి తలవంపులని పడవ మళ్లించి, చెయ్యెత్తి వెళ్లాడు.”  దీనీ సముద్రం వైపు చూశాడు. “దొంగల్ని పట్టడానికి ఓడలన్నారు. ఓడలకు రేవన్నారు. రేవుకు రోడ్డన్నారు. రోడ్డుకు మన మేత బీడు కావాలన్నారు. సరే అన్నాను. ఎందుకు సరే అన్నాను? మన పిల్లలకు పని దొరుకుతుందన్నారు, చేపకు మంచు గిడ్డంగి వస్తుందన్నారు. రేపు ఆ సభలో దొర పక్కన కుర్చీలో కూర్చోమన్నారు, దానికీ సరే అన్నాను. కంచె చేను మేస్తుందని ఎవడికి తెలుసు?”

 అనడానికి షెహెమ్ దగ్గర ఉన్నది ఒకటే మాట. అది అనకూడని మాట.

దీనీ చాప మీద కాస్త జరిగి అతనికి ఎదురుగా కూర్చున్నాడు.

“అల్లుడని అడగను. నా కూతురి మొగుడివని అడగను. దారినపోయే వాణ్ణి అడిగినట్టే అడుగుతున్నాను. నువ్వు ఆ ఓడలో పొద్దుటి నుంచి ఉన్నావు. ఏం చూశావు?”

అబద్ధపు దాగూ చెప్పినవాణ్ణి అఫార్లు కొట్టరు, తిట్టరు. మళ్లీ అడగరు, అంతే. షెహెమ్ చిన్నప్పుడు తజూరా వైపు ఒకడుండేవాడు. వాన పడని చోట పడిందని చెప్పి, ఒక గుంపు గుంపును మందలతో సహా ఎండుటాకులా తిప్పినవాడు. ఆ తరువాత దారిలో వాడు ఎదురైతే జనం చెట్టును దాటినట్టు దాటిపోయేవారు. పెళ్లాం చచ్చిపోతే వాడు చెప్పబోయినా ఆగి విన్నవాడు లేడు. షెహెమ్‌కు వాడి మొహం ఇప్పుడు గుర్తొచ్చింది. వాడు అబద్ధం చెప్పింది గడ్డి గురించి. ఇక్కడ కన్నతండ్రి కొడుకు గురించి అడుగుతున్నాడు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, అది పోతే పోయింది. కాని మాట బయటికి పొక్కిందని తెలిస్తే రేపటిదాకా కూడా ఆగకుండా యాయోను ఎక్కడికో తరలించేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

దీనీ తొందరపెట్టలేదు. ఆయన చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. ముసలి చేతులు, వలతాళ్లు కోసిన గీతలతో. వాటిని చూస్తూ అబద్ధం చెప్పడం షెహెమ్ వల్ల కాలేదు.

“బతికే ఉన్నాడు మామా.”

దీనీ కదల్లేదు.

“ఓడలోనే ఉన్నాడు. తొడకు దెబ్బ. కట్టు కట్టారు. నన్ను చూశాడు. నా మీదికి మాట రాకూడదని, నేనెవరో తెలియనట్టు మొహం తిప్పుకున్నాడు. తండ్రి పేరు చెప్పమంటే చెప్పలేదట.”

“ఏ కాలు?”

“ఎడమది.”

“నడుస్తాడా?”

“నడుస్తాడు. డాక్టరు అన్నాడు.”

“మంచినీళ్లిస్తున్నారా?”

“ఇస్తున్నారు మామా.”

అప్పుడు దీనీ రెండు చేతులూ ఇసుకలో పెట్టి, తల వంచి, దేవుణ్ణి తలుచుకున్నాడు. నలుగురిలో ఎన్నడూ కంటతడి పెట్టని మనిషి, భుజాలు కదిలేలా ఏడ్చాడు. షెహెమ్‌కూ ఆగలేదు. మామా అల్లుళ్లిద్దరూ పాత దొరల సమాధుల పక్కన, బతికి ఉన్నవాడి కోసం ఏడ్చారు.

ముందు తేరుకున్నది దీనీ. తేరుకున్నాక ఆయన మొహంలో సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

“ఎందుకు చెప్పావురా ఇది నాకు?” అన్నాడు నీరసంగా.

“నువ్వే కదా అడిగావు!”

“అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను. ఇప్పుడు నేనేం చెయ్యను? ఈ దారిన ఎవడొచ్చి దాగూ అన్నా నేను చెప్పాలి. ఇంటికి పోతే మీ అత్త అడుగుతుంది. మసీదు దగ్గర పదిమంది అడుగుతారు. పొద్దుగూకేలోగా ఖోర్ అంగార్ దాకా పోతుంది ఈ మాట. వాళ్ల చెవినా పడుతుంది. చెప్పింది నువ్వేనని తెలుసుకోవడానికి వాళ్లకు పెద్ద తెలివి అక్కర్లేదు.”

“రేపటి సభ దాకా ఓర్చుకో మామా. రేపు నేనే లేచి సభలో అందరి ముందూ చెబుతాను. కెమెరాలుంటాయి, పెద్దలుంటారు. అప్పుడు వాణ్ణి దాచలేరు. ఈ ఒక్క రాత్రి.”

అన్నాక గాని తను ఏమన్నాడో షెహెమ్‌కు తెలియలేదు. ఓడ దిగేటప్పుడు గాలిలో ఉన్న కాలు ఇప్పుడు నేల మీద పడింది. పడిన చోటు సుఖంగా లేదు గాని గట్టిగా ఉంది.

దీనీ అల్లుడి మొహంలోకి చూశాడు. “సభలో చెబుతావా? వాళ్ల ఉప్పు తిన్నావు.”

“చేప మాత్రం మనదే కదా మామా.”

ముసలాయన గడ్డంలో నవ్వులాంటిదేదో మెరిసి మాయమైంది. భుజం మీది వస్త్రం తీసి దులిపాడు. “అయితే విను. అడిగితే చెప్పక తప్పదు. అడగకుండా చేసుకోవడమే నా చేతిలో ఉంది. నేనిక్కడే పడుకుంటాను, మొహం కప్పుకుని. కప్పుకున్నవాణ్ణి ఎవరూ దాగూ అడగరు. జ్వరమనుకుంటారు, కొడుకు పోయిన దుఃఖమనుకుంటారు. పొద్దున సభ వేళకు లేస్తాను. నువ్వు పో. మీ అత్తకు నేను ఇక్కడున్నానని మాత్రం చెప్పు. పాపం, ఆవిడ ఇంకో రాత్రి ఏడవాలి.”

ఆయన చాప మీద ఒత్తిగిలి, వస్త్రం తల మీదికి లాక్కున్నాడు. షెహెమ్ లేచి చెప్పులు వెతుక్కుంటుండగా రేవు వైపు నుంచి జీపు చప్పుడు వినిపించింది.

వచ్చింది కమాండర్ షెన్. తెల్లటి దుస్తుల్లో, రేపటి సభకు ఇవాళే తయారైనట్టు ఉన్నాడు. డ్రైవరును జీపులోనే ఉండమని సైగ చేసి, ఒక్కడే ఇసుకలో నడిచి వచ్చాడు.

“మీకోసమే వెతుకుతున్నాను షెహెమ్,” అన్నాడు తన భాషలో. “ఏర్పాట్లు కొంచెం మారాయి. బండెక్కండి, దారిలో చెబుతాను.” అప్పుడు చాప మీద మనిషిని చూశాడు. ఎర్రగడ్డం కొస వస్త్రం కింద నుంచి కనిపిస్తోంది. “ఈయన మన పెద్దాయన కదూ? రేపు నా పక్కన కూర్చోవాల్సినాయన?”

“ఆయనకు ఒంట్లో బాగాలేదు. పడుకోనివ్వండి. పదండి, వెళదాం.”

“పలకరించకుండా ఎలా వెళతాను? మీ మర్యాద నాకు తెలియదనుకున్నారా?” షెన్ టోపీ తీసి, ప్యాంటు ఇసుక అవుతుందని కూడా చూసుకోకుండా చాప ముందు గొంతుకూర్చున్నాడు. దుబాసీ సాయం లేకుండా, తనకు వచ్చిన ఒక్క అఫార్ మాటనూ శుభ్రంగా పలికాడు.

“దాగూ?”

మొహం కప్పుకున్నవాణ్ణి అడగకూడదన్న సంగతి అతనికి ఎవరూ నేర్పలేదు. అతను సగం నేర్చుకున్న ఆ మర్యాదే అప్పుడు యాయోను ఓడ దగ్గరికి రప్పించింది, ఇప్పుడు దీనీ చేత నోరు తెరిపించబోతోంది.

వస్త్రం కాసేపు కదల్లేదు. తరువాత ఒక చెయ్యి దాన్ని మెల్లగా పక్కకు తీసింది. దీనీ లేచి కూర్చున్నాడు.

“అడిగాడా?”

“అడిగాడు. తెలియక అడిగాడు మామా, వదిలెయ్యి.”

“తెలిసో తెలియకో, అడిగాడు. నా మాటలు ఆయనకు అందించు. మధ్యలో ఏదీ ఒలకబోయకు.” దీనీ చేతికర్రను పక్కన అడ్డంగా పెట్టాడు. “ముందు చూసింది. రాస్ బిర్ ఇసుకలో పచ్చరంగు పడవ పలక చూశాను. వరసగా చిల్లులున్నాయి. గుడిసె వాసాల మోపు చూశాను, కట్టిన కట్టు కట్టినట్టే ఉంది. ఇక ఆయన చూసింది చెప్పమను.”

షెహెమ్ చెప్పాడు. చిల్లులూ చెప్పాడు, వాసాలు దేనికో కూడా చెప్పాడు. షెన్ మొహం మీది చిరునవ్వు మెల్లగా సన్నగిల్లింది. అతను ఒకసారి సముద్రం వైపు, ఒకసారి తన బూట్ల వైపు చూశాడు.

“సముద్రం ప్రశాంతంగా ఉంది, నేను ప్రత్యేకంగా ఏమీ చూడలేదు అని చెప్పండి,” అన్నాడు.

అబద్ధపు దాగూ ఎవరిదైనా, అది ఇప్పుడు షెహెమ్ నోట్లోంచి రావాలి. 

“మామా, నేను చూసింది నీకు ఇందాకే చెప్పాను. ఇది విన్నది. ఈయన నోటి నుంచి విన్నాను. సముద్రం ప్రశాంతంగా ఉందట. ఈయనేమీ చూడలేదట.”

దీనీ తలాడించాడు. “మంచిది. ఎవరి మాట వాళ్లకే ఉంచావు. ఇక నేను విన్నది. నా కొడుకు యాయో ఈయన ఓడలో బతికే ఉన్నాడని విన్నాను. చెప్పినవాడు నమ్మదగినవాడని కూడా చెప్పు.”

 షెహెమ్ వేరే ఏదో చెప్పేయవచ్చు. తమ భాషలో కాదు గనక అది దాగూ కాదని సరిపెట్టుకోవచ్చు. ఆ ఆలోచన ఇంకా పూర్తికాకముందే షెన్ చటుక్కున తలెత్తాడు. ఒక మాటకు అతనికి దుబాసీ అక్కర్లేకపోయింది.

“యాయో అన్నాడు,” అన్నాడు షెన్. “ఈయనకు యాయో ఏమవుతాడు?”

“కొడుకు,” అన్నాడు షెహెమ్. “నాకు బావమరిది.”

షెన్ చూపు షెహెమ్ కాళ్ల దగ్గర ఇసుకలో ఉన్న తేయాకు డబ్బా మీద పడింది. చనిపోయిన జాలరి ఇంటికి తను పంపిన డబ్బా.  విందులో తన చెయ్యి పట్టుకుని ఊపిన కుర్రవాడి మొహం గుర్తు తెచ్చుకుంటున్నాడేమో, డబ్బా మీది ఇసుకను వేలితో తుడిచాడు. కమాండర్ అన్న పేరు తీసేస్తే, అక్కడ గొంతుకూర్చుని ఉన్నది ఏం చెయ్యాలో తెలియని ఒక మనిషి.

“ఏర్పాట్లు మారాయన్నాను కదా,” అన్నాడు చివరికి, అతి మెల్లగా. “సరుకు ఓడలు ముందే బయల్దేరుతున్నాయి. రేపటిదాకా ఆగడం లేదు. సభ కోసం నేనిక్కడే ఉంటాను, ఇంకో నౌక వస్తుంది. ఈ నౌక, ఖైదీతో...”

గాలి మీద తేలుతూ ఇనుపగొలుసు చప్పుడు వచ్చింది. అది లంగరు ఎత్తుతున్న చప్పుడని షెహెమ్ కన్నా ముందు దీనీ చెవికి తెలిసింది. ముసలాయన కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు.

“ఏమంటున్నాడు అల్లుడూ?”

షెన్ భుజానికున్న వైర్‌లెస్ తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు. బొటనవేలు మీట మీద ఉంది. నొక్కలేదు. ఒక్క మాట చెబితే ఓడ ఆగుతుంది. ఆ మాటతో రేపటి సభ, రేవు, అతని టోపీ మీది బంగారు గీతలు అన్నీ పోతాయి.

“ఏమంటున్నాడురా?” దీనీ మళ్లీ అడిగాడు.

షెహెమ్ సమాధుల మీదుగా రేవు వైపు చూశాడు. దుమ్ములో బూడిదరంగు ఓడ ఊరికి వీపు పెట్టి, నడిసముద్రం వైపు మళ్లుతోంది.

“ముందు నేను చూసింది చెబుతాను మామా,” అన్నాడు.